టైఫాయిడ్ బాక్టీరియా ఒంట్లో ఏం చేస్తుంది, దాన్ని ఎలా ఆపాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైతే చాలు, మా మైక్రోబయాలజీ ల్యాబ్‌కి వచ్చే ఫోన్లలో సగం టైఫాయిడ్ గురించే ఉంటాయి. రిపోర్టు చేతిలో పట్టుకుని టెన్షన్ పడేవాళ్లు కొందరు, రిపోర్టు లేకుండానే మందులు మొదలుపెట్టేసినవాళ్లు ఇంకొందరు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతారు కాబట్టి జవాబులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఏ మందు ఎంత మోతాదులో వేసుకోవాలో మాత్రం రాయను. రోగిని చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతి అది.

టైఫాయిడ్ దేనివల్ల వస్తుంది?

సాల్మొనెల్లా టైఫీ అనే బాక్టీరియా వల్ల. 1880లో కార్ల్ ఎబెర్త్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని రోగుల శరీర భాగాల్లో గుర్తించాడు. 1884లో గియోర్గ్ గాఫ్కీ ల్యాబ్‌లో విడిగా పెంచి చూపించాడు. దీని తమ్ముడులాంటి పారాటైఫీ ఎ కూడా దాదాపు ఇలాంటి జ్వరాన్నే తెస్తుంది.

ఒక విషయం మొదటే గుర్తుంచుకోండి. సాల్మొనెల్లా టైఫీ మనుషుల్లో మాత్రమే బతుకుతుంది. కోళ్లలో, పశువుల్లో, దోమల్లో ఉండదు. అంటే మీకు టైఫాయిడ్ వచ్చిందంటే, ఎక్కడో ఒక మనిషి మలంలో ఉన్న బాక్టీరియా నీళ్ల ద్వారానో, తిండి ద్వారానో, చేతుల ద్వారానో మీ నోట్లోకి చేరిందని అర్థం. వినడానికి ఇబ్బందిగా ఉన్నా జబ్బుని ఆపే దారులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మన పేగుల్లో ఎలాగూ కోట్ల బాక్టీరియా ఉంటాయి కదా, ఇది ఒక్కటే ఎందుకు జబ్బు చేస్తుంది?

పేగుల్లో ఉండే బాక్టీరియాలో చాలా వరకు మనకి హాని చేయవు. తిండి అరగడానికి తోడ్పడేవీ, కొన్ని విటమిన్లు తయారుచేసేవీ వాటిలో ఉన్నాయి. అవి పేగు గోడకి ఇవతలే ఉండిపోతాయి. సాల్మొనెల్లా టైఫీ మాత్రం గోడ దాటి లోపలికి వెళ్తుంది. అందుకు కావలసిన సరంజామా దాని జన్యువుల్లోనే ఉంది. దాని ఒంటి మీద సూదిలాంటి నిర్మాణాలుంటాయి. వాటితో మన కణంలోకి తన ప్రోటీన్లను ఎక్కిస్తుంది. ఆ ప్రోటీన్లు కణం ఆకారాన్నే మార్చేసి, బాక్టీరియాను కణం తనంతట తానే లోపలికి తీసుకునేలా చేస్తాయి.

నోట్లోకి వెళ్లాక సరిగ్గా ఏం జరుగుతుంది?

ముందు కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవాలి. అక్కడే చాలా వరకు చచ్చిపోతాయి. అందుకే జబ్బు రావాలంటే మామూలుగా వేలల్లోనో లక్షల్లోనో బాక్టీరియా లోపలికి వెళ్లాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. డాక్టరు రాయకపోయినా రోజూ పరగడుపున ‘గ్యాస్ మాత్ర’ వేసుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆమ్లం తగ్గితే టైఫాయిడ్‌తో పాటు పేగుల ఇన్ఫెక్షన్లు చాలా వాటికి దారి సులువవుతుంది. అవసరం లేకుండా ఆ మాత్రలు ఏళ్ల తరబడి మింగకండి.

తప్పించుకున్నవి చిన్న పేగు చివరికి చేరతాయి. అక్కడ పేయర్స్ ప్యాచెస్ అనే రోగనిరోధక కణాల గుంపులుంటాయి. వాటి పైన ఉండే ఎం కణాల గుండా బాక్టీరియా గోడ దాటుతుంది. అవతల దాన్ని మింగేయడానికి మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు సిద్ధంగా ఉంటాయి, మింగేస్తాయి కూడా. మామూలు బాక్టీరియా అయితే కథ అక్కడితో అయిపోతుంది. ఇది మాత్రం మాక్రోఫేజ్ లోపల ఒక తిత్తిలో కూర్చుని, తనను చంపడానికి వచ్చే రసాయనాలను ఆ తిత్తిలోకి రానివ్వదు. అక్కడే పిల్లలు పెడుతుంది. దొంగను పట్టుకున్న పోలీసు జీపులోనే దొంగ ఊరంతా తిరిగినట్టు, ఆ కణాల్లోనే కాలేయానికీ, ప్లీహానికీ, ఎముక మజ్జకీ చేరుతుంది.

దాని చుట్టూ ‘వీఐ’ అనే చక్కెర పొర కూడా ఉంటుంది. బాక్టీరియా గోడ మీద మన శరీరం గుర్తుపట్టాల్సిన భాగాలను ఆ పొర కప్పేస్తుంది. అందుకే మొదటి రోజుల్లో శరీరం పెద్దగా గొడవ చేయదు. నోట్లోకి వెళ్లాక జ్వరం రావడానికి సాధారణంగా 8 నుంచి 14 రోజులు పడుతుంది. కొందరిలో ఇంకా ఆలస్యం కావచ్చు. లోపల లెక్క పెరిగి మళ్లీ రక్తంలోకి వచ్చినప్పుడు మొదలయ్యేదే జ్వరం. నిన్న తిన్న బిర్యానీ వల్ల ఈరోజు టైఫాయిడ్ వచ్చిందనుకోవడం సరికాదు. కారణం వెతకాలంటే రెండు వారాల వెనక్కి వెళ్లి చూడాలి.

టైఫాయిడ్‌లో పేగుకి చిల్లు పడుతుందంటారు, నిజమేనా?

నిజమే. కాలేయానికి చేరిన బాక్టీరియా పిత్తాశయంలోకి, అక్కడి నుంచి పైత్యరసంతో కలిసి మళ్లీ పేగులోకి వస్తుంది. అప్పటికే వాచి ఉన్న పేయర్స్ ప్యాచెస్ మీద రెండోసారి దాడి జరుగుతుంది. అక్కడ పుండ్లు పడి, కొందరిలో రక్తం కారుతుంది, కొద్దిమందిలో పేగుకి చిల్లు పడుతుంది. ఇది ఎక్కువగా మూడో వారంలో, వైద్యం ఆలస్యమైనవాళ్లలో కనిపిస్తుంది.

జ్వరంతో ఉన్న మనిషికి ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వచ్చినా, పొట్ట బిగుసుకుపోయినా, మలం నల్లగా వచ్చినా లేక రక్తం పడినా, మాట తడబడి పలవరిస్తున్నా, ఏమీ లోపల నిలవకుండా వాంతులవుతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ సదుపాయమున్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

లక్షణాలతో గుర్తుపట్టవచ్చా?

అనుమానించవచ్చు, తేల్చి చెప్పలేం. రోజురోజుకీ కొంచెం కొంచెంగా పెరిగే జ్వరం, సాయంత్రానికి ఎక్కువ కావడం, తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం, నాలుక మీద తెల్లని పూత, నీరసం, కడుపులో ఇబ్బంది ఉంటాయి. విరేచనాలు తప్పకుండా అవుతాయని చాలామంది అనుకుంటారు. కానీ పెద్దవాళ్లలో చాలామందికి మొదట్లో మలబద్ధకమే ఉంటుంది. పుస్తకాల్లో రాసే గులాబీ రంగు మచ్చలు మన చర్మం రంగు మీద కనిపించడం కష్టం.

వానాకాలంలో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే మొదలవుతాయి. స్క్రబ్ టైఫస్‌కి పేరు దగ్గరగా ఉన్నా జబ్బు వేరు, మొదటగా ఇచ్చే మందూ వేరు. జ్వరం వరుసగా మూడు రోజులు దాటితే పరీక్ష చేయించుకోవాలి.

వైడాల్ పాజిటివ్ వచ్చింది. నాకు టైఫాయిడ్ ఉన్నట్టేనా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను ఇచ్చే జవాబు: ఆ ఒక్క కాగితాన్ని నమ్మి ఏ నిర్ణయానికీ రావద్దు.

వైడాల్ పరీక్షను 1896లో ఫెర్నాండ్ వైడాల్ అనే ఫ్రెంచ్ వైద్యుడు తెచ్చాడు. అది రక్తంలో బాక్టీరియాను వెతకదు. బాక్టీరియాకి వ్యతిరేకంగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలను కొలుస్తుంది. రిపోర్టులో ‘ఓ’, ‘హెచ్’ అని రాసి పక్కన 1:80, 1:160 అని ఉండేవి వాటి అంకెలే. అవి పెరగడానికి దాదాపు ఒక వారం పడుతుంది. మరి జ్వరం వచ్చిన రెండో రోజే పాజిటివ్ వచ్చిందంటే ఆ యాంటీబాడీలు ఎక్కడివి? ఎక్కువసార్లు అవి పాతవి. మన ప్రాంతంలో ఈ బాక్టీరియాతోనో, దీని చుట్టాలతోనో ఎప్పుడో ఒకప్పుడు తగులుకున్నవాళ్లు చాలామంది. వాళ్ల రక్తంలో కొంత అంకె ఎప్పుడూ ఉంటుంది. పైగా మలేరియా, డెంగీలాంటి వేరే జ్వరాల్లో కూడా ఈ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు.

దీన్ని సరిగ్గా వాడే పద్ధతి ఉంది. మొదట ఒకసారి, 10 నుంచి 14 రోజుల తర్వాత ఇంకోసారి రక్తం తీసి, రెండోసారి అంకె నాలుగు రెట్లు పెరిగిందేమో చూడాలి. అన్ని రోజులు రోగిని ఎవరు ఆపుతారు? అందుకే ఆ పద్ధతి పుస్తకాల్లోనే మిగిలింది, ఒక్కసారి చేసే పరీక్ష మాత్రం ఊరూరా నడుస్తోంది. జ్వరం తగ్గి హాయిగా తిరుగుతున్నా ‘వైడాల్ ఇంకా పాజిటివే’ అని మళ్లీ మళ్లీ మందులు వాడేవాళ్లను చూస్తే చాలా బాధ కలుగుతుంది. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. తగ్గిందా లేదా అని చూడటానికి వైడాల్ పనికిరాదు.

మరి ఏ పరీక్ష చేయించుకోవాలి?

బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే.

మా బెంచీ మీద ఏం జరుగుతుందో చెబితే దాని విలువ తెలుస్తుంది. పెద్దవాళ్ల దగ్గర ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. ‘ఇంత రక్తమా?’ అని చాలామంది చెయ్యి వెనక్కి లాక్కుంటారు. కానీ టైఫాయిడ్ రోగి రక్తంలో ఒక మిల్లీలీటరుకి తరచుగా ఒక్క బాక్టీరియా కూడా ఉండదు. రెండు మిల్లీలీటర్లతో సరిపెడితే జబ్బు ఉండి కూడా దొరక్కపోవచ్చు. సీసాలో బాక్టీరియాకి ఇష్టమైన ద్రవం ఉంటుంది. దాన్ని ఒంటి వేడి దగ్గర ఉంచే యంత్రంలో పెడతాం. బాక్టీరియా పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే సీసా అడుగున ఉన్న రంగు మారుతుంది, యంత్రం కూత పెడుతుంది. టైఫాయిడ్‌లో ఇది చాలాసార్లు రెండు రోజుల్లోపే జరుగుతుంది. జరగకపోతే ఐదు రోజుల వరకూ చూస్తాం.

కూత వినగానే ఒక చుక్క తీసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే గులాబీ రంగు చిన్న కడ్డీలు కనిపిస్తాయి. రంగు వేయని చుక్కలో చూస్తే చురుగ్గా ఈదుతుంటాయి. ఇంకో చుక్కను మెకాంకీ ప్లేటు (బాక్టీరియా పెరగడానికి గడ్డకట్టించిన ఆహారం ఉన్న పళ్లెం) మీద గీస్తాం. మామూలుగా పేగుల్లో ఉండే ఈ.కోలై అయితే మర్నాటికి ముదురు గులాబీ చుక్కలుగా పెరుగుతుంది. టైఫాయిడ్ బాక్టీరియా రంగు లేకుండా పాలిపోయిన చుక్కలుగా వస్తుంది. దాన్ని వాలుగా గడ్డకట్టించిన మూడు చక్కెరల గొట్టంలోకి గుచ్చితే, మర్నాడు పైన ఎరుపు, కింద పసుపు, రెండూ కలిసే చోట సన్నటి నల్లగీత కనిపిస్తాయి. ఆ గీత చూశాక అనుమానం బాగా బలపడుతుంది. యాంటీసీరంతో (ఈ బాక్టీరియాను పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవంతో) ఖాయం చేసి, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష పెడతాం. మొత్తం రిపోర్టు రావడానికి మూడు నుంచి ఐదు రోజులు.

కల్చర్‌కీ పరిమితులున్నాయి. నిజంగా టైఫాయిడ్ ఉన్న నూరు మందిలో 40 నుంచి 60 మందిలోనే అది దొరుకుతుంది. ముందే యాంటీబయాటిక్ వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఎముక మజ్జ కల్చర్‌లో 80 శాతానికి పైగా దొరుకుతుంది, కానీ అది అందరికీ చేసే పరీక్ష కాదు. అయినా నా ఓటు బ్లడ్ కల్చర్‌కే. జబ్బు పేరుతో పాటు దానికి పనిచేసే మందు పేరు కూడా చెప్పగలిగేది ఇదే. వైడాల్‌కంటే ఖరీదు ఎక్కువే, కానీ పనిచేయని మందుల మీద రెండు వారాలు పెట్టే ఖర్చుకంటే తక్కువ.

మందు మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు. డాక్టర్‌ని మార్చాలా?

తొందరపడకండి. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం పూర్తిగా దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పట్టడం మామూలే. బాక్టీరియా కణాల లోపల దాక్కుని ఉండటమే ఇందుకు ఒక కారణం. మూడో రోజున డాక్టర్‌ని మార్చి, కొత్త డాక్టరు ఇంకో మందు మార్చి, ఏడో రోజున జ్వరం దిగితే ఆ పేరంతా రెండో మందుకి పోతుంది. వారం దాటినా దిగకపోతే మాత్రం మందు పనిచేయడం లేదా, ఎక్కడైనా చీము పట్టిందా, అసలు జబ్బే వేరా అని మీ డాక్టరే మళ్లీ చూస్తారు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు కనిపిస్తే ఏ రోజైనా సరే ఆగకూడదు.

రిపోర్టులో జెంటామైసిన్, అమికాసిన్ పేర్లు ఎందుకు లేవు?

ల్యాబ్ ప్లేటు మీద ఆ మందుల చుట్టూ బాక్టీరియా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. రోగికి ఇస్తే మాత్రం పనిచేయవు. అవి మన కణాల లోపలికి సరిగ్గా చొరబడలేవు, టైఫాయిడ్ బాక్టీరియా దాక్కునేదేమో అక్కడే. కాబట్టి సాల్మొనెల్లా దొరికినప్పుడు వాటిని పనిచేసే మందులుగా రిపోర్టు చేయకూడదని ల్యాబ్‌లకి నియమం ఉంది. ఎవరైనా ఆ ఇంజక్షన్ టైఫాయిడ్‌కి ఇస్తామంటే ఎందుకని అడగండి.

ఇదివరకు సిప్రో మాత్రలతో తగ్గేది, ఇప్పుడు ఎందుకు ఇవ్వడం లేదు?

మన దేశంలో దొరికే టైఫాయిడ్ బాక్టీరియాలో అత్యధిక భాగం ఇప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకి లొంగడం లేదు. ఆ మందు ఏ ఎంజైమ్ మీద పనిచేస్తుందో దాని జన్యువులో చిన్న మార్పు వచ్చింది. ఒఫ్లాక్సాసిన్‌దీ అదే జాతి. సెఫిక్సిమ్, ఒఫ్లాక్సాసిన్ కలిపిన మాత్రలు మెడికల్ షాపుల్లో విపరీతంగా అమ్ముడవుతాయి. అందులో రెండోది చాలామందిలో చేసే మేలేమీ లేదు.

వెనక్కి వెళ్తే ఈ కథ ఎన్నోసారి జరుగుతోందో తెలుస్తుంది. యాంటీబయాటిక్స్ రాకముందు టైఫాయిడ్ వచ్చిన నూరు మందిలో 10 నుంచి 30 మంది చనిపోయేవారు. 1948లో క్లోరామ్‌ఫెనికాల్ వచ్చాక పరిస్థితి ఒక్కసారిగా మారింది. సరైన వైద్యం అందితే మరణాలు ఇప్పుడు ఒక శాతం లోపే. కానీ 1972 నాటికే మెక్సికోలోనూ, మన కేరళలోని కాలికట్‌లోనూ క్లోరామ్‌ఫెనికాల్‌కి లొంగని టైఫాయిడ్ విజృంభించింది. 1980ల చివరికి యాంపిసిలిన్, కోట్రైమోక్సజోల్ కూడా పనిచేయని రకాలు పాకాయి. అప్పుడు సిప్రోకి మారారు, కొన్నేళ్లకే అదీ పోయింది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నవి సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్.

2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు) ఇంకా పెద్ద ప్రమాదం బయటపడింది. అక్కడి సాల్మొనెల్లా టైఫీ, సెఫ్ట్రియాక్సోన్‌ని నాశనం చేసే జన్యువున్న ప్లాస్మిడ్‌ను సంపాదించింది. ప్లాస్మిడ్ అంటే ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారే చిన్న డీఎన్ఏ ముక్క. అలాంటిదే ఈ.కోలై బాక్టీరియాలోనూ కనిపించింది. ఆ రకానికి నోటి మందుల్లో అజిత్రోమైసిన్, ఇంజక్షన్లలో కార్బపెనెమ్ జాతి యాంటీబయాటిక్‌లు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. జలుబుకీ, మామూలు జ్వరానికీ అజిత్రోమైసిన్ మూడు మాత్రలు కొనుక్కుని వేసుకునే అలవాటు నన్ను ఎందుకు భయపెడుతుందో ఇక్కడ అర్థమవుతుంది.

ఇందులో ఆశ కలిగించే సంగతి కూడా ఒకటి ఉంది. క్లోరామ్‌ఫెనికాల్, కోట్రైమోక్సజోల్ వాడకం తగ్గాక, భారతదేశంలో టైఫాయిడ్ బాక్టీరియా మళ్లీ వాటికి లొంగుతోంది. కల్చర్ రిపోర్టుల్లో ఆ పాత మందుల ఎదురుగా ‘ఎస్’ (సెన్సిటివ్, అంటే మందుకి లొంగుతుందని) అనే అక్షరం కనబడటం ఇప్పుడు మామూలైంది. అవసరమైతే డాక్టర్లు వాటిని కూడా ఆలోచించవచ్చు. మందుని అతిగా వాడకపోతే దాని శక్తి కొంతైనా తిరిగొస్తుందనడానికి కళ్లెదుట ఉన్న సాక్ష్యం ఇది.

జ్వరం తగ్గింది, మందులు ఆపేయవచ్చా?

వద్దు. మందుని బట్టి, రోగి పరిస్థితిని బట్టి కోర్సు 7 నుంచి 14 రోజులుంటుంది. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. కోర్సు సరిగ్గా వాడినా కొందరికి రెండు మూడు వారాల తర్వాత తిరగబెడుతుంది. అప్పుడు పాత చీటీ మీద అవే మాత్రలు కొనకుండా మళ్లీ కల్చర్ చేయించుకోండి.

సెలైన్ ఎక్కించుకుంటే త్వరగా తగ్గుతుందా?

సెలైన్‌లో ఉండేది నీళ్లు, ఉప్పు. బాక్టీరియాను అది ఏమీ చేయదు. నోటితో తాగగలిగినవాళ్లకి దాని అవసరం లేదు. వాంతులతో నీరు కోల్పోయినవాళ్లకి తప్పకుండా కావాలి.

అంతకంటే జాగ్రత్త పడాల్సింది, పేరు చెప్పకుండా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ విషయంలో. దాంతో జ్వరం గంటల్లో దిగుతుంది, ఆకలి వేస్తుంది, ‘ఆయన చేతివాసి మంచిది’ అనిపిస్తుంది. లోపల బాక్టీరియా మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పేగుకి చిల్లు పడినా నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. స్పృహ తప్పే స్థితిలో ఉన్న రోగికి పెద్దాసుపత్రిలో స్టెరాయిడ్ ఇవ్వడం వేరే విషయం. మీకు ఏ ఇంజక్షన్ ఇస్తున్నారో పేరు అడిగి రాసుకోండి.

పథ్యం ఏం చేయాలి?

‘లంఖణం పరమౌషధం’ అని రోగిని మాడ్చేయకండి. వారాల తరబడి జ్వరంతో ఒళ్లు కరిగిపోయే జబ్బు ఇది. మెత్తగా వండిన అన్నం, పప్పు, ఇడ్లీ, పెరుగు, బాగా ఉడికిన గుడ్డు, అరటిపండు అన్నీ పెట్టవచ్చు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. కారం, వేపుళ్లు, అరగడానికి కష్టమయ్యేవి కొన్నాళ్లు పక్కన పెడితే చాలు. బ్రెడ్డు తప్ప ఏదీ ముట్టకూడదన్న నియమం ఏ వైద్యంలోనూ లేదు.

మేం కుళాయి నీళ్లే తాగుతాం. అవి మంచివేనా?

నీటిశుద్ధి కేంద్రం దగ్గర మంచివే అయి ఉండొచ్చు. దారిలో ఏమవుతుందన్నదే ప్రశ్న. మన పట్టణాల్లో చాలాచోట్ల నీళ్లు రోజంతా రావు, రోజుకో గంటో, రెండు రోజులకోసారో వదులుతారు. పైపులో నీళ్లు లేనప్పుడు లోపల ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపు మురుగు కాలువ పక్కనే పోతూ ఎక్కడైనా పగిలి ఉంటే, చుట్టూ ఉన్న మురికి నీరు లోపలికి పీల్చుకుంటుంది. ఇంటింటా మోటార్లు బిగించి నీళ్లు లాగితే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. నీళ్లు వదలగానే మొదట రంగు మారి, వాసనతో వస్తున్నాయంటే ఇదే కారణం కావచ్చు. ఒకే వీధిలో వరుసగా జ్వరాలు వస్తే ముందు చూడాల్సింది ఆ పైపులైనే. ఫిర్యాదు చేసేటప్పుడు మీ ఇంటి జ్వరం ఒక్కటే చెప్పకుండా, వీధిలో ఎంతమందికి వచ్చిందో రాసి ఇవ్వండి.

చివరి కుళాయి దగ్గర కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది ఉంటే దారిలో కొంచెం మురికి కలిసినా బాక్టీరియా నిలవదు. దీన్ని చూసే చిన్న కిట్లు దొరుకుతాయి. నీళ్లలో చుక్కమందు వేస్తే, కిట్‌ని బట్టి పసుపు రంగో గులాబీ రంగో వస్తుంది. రంగే రాలేదంటే క్లోరిన్ లేనట్టే. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో నగరం మొత్తానికి నిరంతరంగా క్లోరిన్ కలిపిన నీళ్లివ్వడం మొదలుపెట్టారు. అక్కడి నగరాలన్నీ ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాక టైఫాయిడ్ బాగా తగ్గిపోయింది. అప్పటికి టైఫాయిడ్‌కి పనిచేసే యాంటీబయాటిక్ ఒక్కటి కూడా లేదన్నది గమనించండి.

ఇంట్లో అయితే నీళ్లు తెర్లేలా ఒక నిమిషం కాచితే చాలు, ఈ బాక్టీరియా చచ్చిపోతుంది. కాచిన గిన్నెలోనే చల్లార్చి, మూత పెట్టి, పిడి ఉన్న గరిటెతో తీసుకోండి. కాచిన నీళ్లలో చెయ్యి ముంచితే చేసిన పనంతా వృథా. ఇరవై లీటర్ల ‘మినరల్ వాటర్’ క్యాన్లను గుడ్డిగా నమ్మకండి. ఆర్‌వో చేస్తే నీటిలోని క్లోరిన్ కూడా పోతుంది, ఆ తర్వాత క్యాను సరిగ్గా కడగకపోతే చేరిన బాక్టీరియాను ఆపేదేమీ ఉండదు.

పానీపూరీ వల్ల టైఫాయిడ్ వస్తుందా?

రావచ్చు. 2022 జులైలో తెలంగాణ ప్రజారోగ్య సంచాలకులే టైఫాయిడ్ కేసులు పెరగడానికి పానీపూరీ ఒక కారణమని హెచ్చరించారు. పూరీ నూనెలో వేగుతుంది కాబట్టి దానితో భయం లేదు. కాచని నీళ్లతో చేసిన పానీ, అందులో మునిగే చెయ్యి, ఈ రెండిటితోనే సమస్య. చెరుకురసంలో వేసే ఐసు కూడా అంతే. గడ్డకట్టినంత మాత్రాన బాక్టీరియా చావదు.

బండి నడిపేవాళ్లని తిట్టి లాభం లేదు. బండి దగ్గర శుభ్రమైన నీళ్లు, సబ్బు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండేలా చూడటం మున్సిపాలిటీ పని. అది జరిగేవరకు వేడివేడిగా ఎదురుగా వండి ఇచ్చేవే తినండి.

టీకా ఉందా? ఎవరికి వేయించాలి?

ఉంది, మంచి టీకా ఉంది, అదీ మన హైదరాబాద్‌లో తయారైనదే. వీఐ పొరతో చేసిన పాత టీకా రెండేళ్లలోపు పిల్లల్లో పనిచేసేది కాదు, రక్షణ కూడా కొన్నేళ్లే ఉండేది. వట్టి చక్కెర పొరను చూపిస్తే పసిపిల్లల రోగనిరోధక వ్యవస్థ సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. అదే పొరను ఒక ప్రోటీన్‌కి అతికించి ఇస్తే గుర్తుపెట్టుకుంటుంది. దీన్నే కాంజుగేట్ టీకా అంటారు. భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీలో ఆ ప్రోటీన్ టెటనస్ టాక్సాయిడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి 2017 చివర్లో గుర్తింపు ఇచ్చింది. 2020లో హైదరాబాద్‌కే చెందిన బయలాజికల్ ఇ సంస్థ టీకాకి కూడా ఆ గుర్తింపు వచ్చింది.

నేపాల్‌లో, మలావిలో పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షల్లో టైప్‌బార్ టీసీవీ 80 శాతం దాకా రక్షణ ఇచ్చింది. సింధ్‌లో మొండి టైఫాయిడ్ ముదిరాక పాకిస్తాన్ 2019లో దీన్ని జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. మన దేశంలో 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ పిల్లలకి పెద్ద ఎత్తున వేయించింది.

ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఒక్క డోసు వేయించవచ్చు. పిల్లల డాక్టర్లు తొమ్మిది నెలల లోపే వేయించమంటారు. చిన్నప్పుడు వేయించకపోతే బడికెళ్లే పిల్లలకైనా వేయించండి, దక్షిణాసియాలో టైఫాయిడ్ ఎక్కువగా పడేది పిల్లలకే. టీకా పారాటైఫీ మీద పనిచేయదు. టీకా వేసుకున్నా నీళ్ల జాగ్రత్త తప్పదు.

అమెరికా నుంచి సెలవులకి వస్తున్నాం. మాకు అవసరమా?

అవసరమే. అమెరికాలో నమోదయ్యే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం దక్షిణాసియాకి వెళ్లి వచ్చినవాళ్లవే, వాళ్లలో చుట్టాలను చూడటానికి వెళ్లినవాళ్లే ఎక్కువ. ‘చిన్నప్పుడు ఇవే నీళ్లు తాగి పెరిగాం’ అనే ధీమా పనికిరాదు, అక్కడ పుట్టిన పిల్లలకైతే అసలే పనికిరాదు. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఇంజక్షన్ వేయించుకోండి. అక్కడ ఇచ్చే వీఐ టీకా రెండేళ్లు దాటిన పిల్లల నుంచి వేస్తారు, రెండేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి. తిరిగి వెళ్లాక జ్వరం వస్తే ఇండియా వెళ్లొచ్చామని డాక్టర్‌కి ముందే చెప్పండి, లేకపోతే అక్కడివాళ్లకి టైఫాయిడ్ ఆలోచనే రాకపోవచ్చు.

తగ్గిపోయాక కూడా ఆ మనిషి నుంచి ఇతరులకి వస్తుందా?

కొందరి నుంచి వస్తుంది. జబ్బు పడిన నూటికి ఇద్దరు నుంచి ఐదుగురిలో బాక్టీరియా పిత్తాశయంలో స్థిరపడి, ఏడాది దాటినా మలంలో బయటికొస్తూనే ఉంటుంది. వాళ్లకి ఏ బాధా ఉండదు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ, ఆ రాళ్ల మీద బాక్టీరియా పొరలా అంటుకుని ఉండిపోతుంది.

న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్ కథ ప్రపంచమంతా తెలిసిందే. ఆమె పనిచేసిన ఇళ్లల్లో వరుసగా టైఫాయిడ్ వస్తోందని 1907లో జార్జ్ సోపర్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. ఆమె ఆరోగ్యంగా ఉంది, తన వల్ల జబ్బు వస్తోందంటే నమ్మలేదు. అధికారులు ఆమెను నిర్బంధించి, 1910లో వంటపని చేయనని మాటిచ్చాక వదిలారు. బతకడానికి వేరే దారి చూపకపోవడంతో పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో జబ్బు వ్యాపించాక మళ్లీ పట్టుకుని, 1938లో చనిపోయేదాకా ఒక దీవిలో ఉంచేశారు. ఆమెను జబ్బుకి మారుపేరుగా వాడటం అన్యాయం. ఆనాడు ఆమెకివ్వడానికి మందు లేదు. ఇప్పుడు ఉంది. బాక్టీరియా లొంగే మందుని నాలుగు వారాల పాటు వాడితే చాలామందికి పోతుంది, రాళ్లుంటే పిత్తాశయం తీసేయాల్సి రావచ్చు.

ఇంట్లో ఒకరికి వచ్చింది. మిగతావాళ్లం ఏం చేయాలి?

ముందుజాగ్రత్తగా అందరూ మాత్రలు వేసుకోవక్కర్లేదు. దగ్గు, తుమ్ము, గాలి ద్వారా ఇది రాదు. మంచం, గది వేరు చేయాల్సిన పని లేదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకి ముందు, పిల్లలకి అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వేళ్ల మధ్య, గోళ్ల కింద కూడా రుద్దాలి. రోగి చేతి తువ్వాలు వేరుగా ఉంచండి, బాత్రూమ్ కుళాయి పిడి, తలుపు గొళ్లెం రోజూ తుడవండి. ఎవరికైనా జ్వరం మొదలైతే ఇంట్లో టైఫాయిడ్ ఉన్న సంగతి డాక్టర్‌కి చెప్పండి.

రోగి కోలుకున్నాక బడికీ, ఆఫీసుకీ వెళ్లవచ్చు. వంట చేసేవాళ్లు, హాస్టల్ మెస్‌లో వడ్డించేవాళ్లు, అంగన్‌వాడీలో పిల్లలకి తినిపించేవాళ్ల విషయం వేరు. కోర్సు పూర్తయ్యాక కొన్ని రోజుల తేడాతో మలం కల్చర్ చేయించి, వరుసగా మూడుసార్లు నెగటివ్ వచ్చాకే ఆ పనిలోకి తీసుకోవడం మంచిది. ఆ రోజులకి వాళ్ల జీతం కోయకండి. కోస్తే రెండో పరీక్షకి ఎవరూ రారు.